ఎంత కత్తి కావాలి?

అడవిలో ఒకటి రెండు రాత్రులు గడపడానికి వెళ్లే యువకులు ఈ మధ్య మన ఊళ్లలో ఎక్కువయ్యారు. వంజంగి కొండ మీద మంచు చూడడానికి వచ్చే పట్నం వాళ్లకు దారి చూపేవాళ్లు కొందరు. సెలవుల్లో స్నేహితులతో మారేడుమిల్లి వైపు నడిచేవాళ్లు కొందరు. సంచి సర్దుకునేటప్పుడు వాళ్లు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది: ఏ కత్తి కొనుక్కోవాలి? సెల్‌ఫోన్లో చూస్తే జానెడు పొడవు, వీపున రంపపు పళ్లు, నల్లరంగు పూత ఉన్న కత్తులు కనిపిస్తాయి. చూడగానే సినిమా హీరో గుర్తుకొస్తాడు.

ఏ కత్తి అని అడిగే ముందు, ఎంత కత్తి కావాలి అని అడుక్కోవాలని మేమనుకుంటాం. ఇది బేరానికి సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది. నిజానికి అడవిలో మన నడవడికకు సంబంధించిన ప్రశ్న.

ముందు పని లెక్క వేద్దాం. రెండు రోజుల నడకలో ఉల్లిపాయలు, మిరపకాయలు కోయాలి. తాడు తెంపాలి. ఎండుపుల్లను పలచగా చెక్కి నిప్పు రాజేయాలి. గుడారం మేకు కోసం కర్రముక్కకు మొన తీయాలి. వెదురు బద్దను సన్నగా చీల్చాలి. వీటన్నిటికీ పిడి పోను 4 అంగుళాల అలుగు చాలు. మందం 3 మిల్లీమీటర్లు దాటనక్కరలేదు. మందం పెరిగితే కూరగాయ కూడా తెగకుండా పగులుతుంది.

మడత చాకు జేబులో ఇముడుతుంది. కానీ దాని కీలులో బురద చేరుతుంది, గట్టిగా నొక్కితే ఒక్కోసారి వేళ్ల మీదికే మడుచుకుంటుంది. అందుకే మడవని కత్తి మేలు. దాని ఇనుము పిడిలో సగంతో ఆగిందా, చివరిదాకా సాగిందా చూడాలి. చివరిదాకా ఉంటే పిడి ఊడదు. వానాకాలం నడకకు స్టెయిన్‌లెస్ ఉక్కు మంచిది. మామూలు కార్బన్ ఉక్కు సానరాయి మీద త్వరగా పదునెక్కుతుంది, కానీ పని అయ్యాక తుడిచి చుక్క నూనె రాయకపోతే తుప్పు పడుతుంది. ఒరను తలకిందులు చేసినా కత్తి జారకూడదు. చెయ్యి తడిగా ఉన్నా పిడి పట్టు తప్పకూడదు. కత్తి గురించి చూసుకోవలసింది ఇంతే.

పెద్దది ఉంటే పోయేదేముంది, చిన్న పని కూడా చేస్తుంది కదా అని తమ్ముళ్లు అడుగుతారు. పోయేది ఉంది. పెద్ద కత్తి చేతిలో ఉంటే చెయ్యి ఊరికే ఉండదు. దారి పక్కన మోకాలెత్తు మొక్క కనబడగానే ఒక వేటు పడుతుంది. ఆ మొక్క మీద కోపం లేదు, దానితో అవసరమూ లేదు. చెయ్యి ఊగింది, మొక్క పోయింది. ఇలాంటి వేటు వేసేవాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. చేతిలో ఉన్నది పని అడిగింది, వాళ్లు ఇచ్చారు. కాబట్టి ఆ వేటు పడాలా వద్దా అన్నది సగం దుకాణం దగ్గరే తేలిపోతుంది. అడవిలోకి వెళ్లాక మనసును అదుపులో పెట్టుకోవడం కష్టం. బయలుదేరే ముందే చేతిని అదుపులో పెట్టుకోవచ్చు.

తపసి చెట్టు సంగతి మనకు తెలిసిందే. దాని జిగురును గిరిజన సహకార సంస్థ మన దగ్గర కొంటుంది. గొడ్డలితో లోతుగా, వెడల్పుగా గాటు పెడితే ముందు ఎక్కువ జిగురు కారవచ్చు, కానీ చెట్టు క్రమంగా ఎండిపోతుంది. పదునైన చిన్న పనిముట్టుతో బెరడు మేరకే గాటు పెడితే గాయం మానుతుంది, చెట్టు మళ్లీ ఇస్తుంది. ఇక్కడ బతుకుతెరువు, నీతి రెండూ ఆ గాటు లోతులోనే ఉన్నాయి.

మరి మన తాతలు గొడ్డలి భుజాన వేసుకుని తిరగలేదా? తిరిగారు. అందులో తప్పు లేదు. ఇంటికి దూలం కావాలన్నా, కంచె కట్టాలన్నా చాకుతో కాదు. కానీ ఆ పని ఉన్న రోజే గొడ్డలి బయటికొచ్చేది, పని ముగిశాక చూరులోకి వెళ్లేది. ఐరోపా ఉత్తరాన రెయిన్‌డీర్ మందలు మేపే సామీ ఆదివాసులకు రెండు రకాల కత్తులుంటాయి. కొమ్మలు నరకడానికి పెద్దది, రోజువారీ చిన్న పనులకు చిన్నది. మన నుంచి అంత దూరంలో ఉన్నవాళ్లూ పనిని బట్టే కత్తిని కొలిచారు. పెద్ద కత్తి పాపం కాదు. పని లేని చోటికి దాన్ని మోసుకెళ్లడమే ఆలోచించాల్సిన విషయం.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోవాలి. 1959 నాటి ఆయుధాల చట్టం, ఇంటిపనికో వ్యవసాయానికో మాత్రమే తయారైన వస్తువులను ఆయుధాల లెక్కలోంచి తీసేసింది. అది పనిని చూసింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మాత్రం తుపాకులు, విల్లంబులు, ఉచ్చులతో పాటు కత్తులనూ ఆయుధాల్లో చేర్చింది. అభయారణ్యంలోకి గానీ, పాపికొండల వంటి జాతీయ పార్కులోకి గానీ ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో వెళ్లకూడదు. దారి చూపే పనికి వెళ్లే పిల్లలు ఈ సంగతి మరవకూడదు.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. కత్తి పట్నం వాడి సంచికి వేలాడితే క్యాంపింగు సామాను అంటారు. అదే కత్తి మన పిల్లవాడి మొలలో ఉంటే ఎందుకు పట్టుకు తిరుగుతున్నావని నిలదీస్తారు. ఆ చూపు న్యాయం కాదు. దానికి భయపడి చిన్న కత్తి పట్టుకోమని మేం చెప్పడం లేదు. భయంతో తగ్గించుకున్నది ఎవరూ చూడని చోట మళ్లీ పెరుగుతుంది. ఇది చాలు అని తెలిసి తగ్గించుకున్నది నిలబడుతుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద మనకు హక్కు ఇచ్చింది. అదే చట్టం 5వ సెక్షన్‌లో అడవినీ వన్యప్రాణులనూ కాపాడే అధికారం హక్కుదారులకూ గ్రామసభకూ ఇచ్చింది. పక్కవాడి గొడ్డలిని ఆపాలంటే మన కత్తికి ఒక కొలత ఉండాలి.

ఎక్కడ కొనాలన్నది చివరి ప్రశ్న. ఫ్యాక్టరీ కత్తి చెడ్డదేమీ కాదు. కానీ సంతకు వచ్చే కమ్మరి లారీ కమాను పట్టీతో చేసే కత్తికి ఒక సౌకర్యం ఉంది. పిడి విరిగితే అతనే మళ్లీ వేస్తాడు, అంచు పోతే సాగగొట్టి ఇస్తాడు. పలచగా, పొట్టిగా కావాలని ముందే చెప్పాలి. ఎండు వెదురు మీద పది సార్లు చెక్కి చూడాలి. అంచు పెచ్చు ఊడినా, వంగినా వెనక్కి ఇచ్చి మళ్లీ కాల్చి గట్టిపరచమనాలి.

ఉపాధ్యాయులకు ఒక సూచన. పిల్లలను నడకకు తీసుకెళ్లే ముందు, దారిలో ఏయే పనులు పడతాయో వాళ్ల చేతే పలక మీద రాయించండి. తర్వాత ఒక్కో పనికి ఎంత పదును, ఎంత పొడవు కావాలో అడగండి. కత్తి ఇచ్చేటప్పుడు పిడి అవతలివాళ్ల వైపు పెట్టి ఇవ్వడం నేర్పండి. దిగే ముందు బస చేసిన చోట ఎన్ని పచ్చి కొమ్మలు తెగాయో వాళ్ల చేతే లెక్క పెట్టించండి. కత్తి సరైనదో కాదో ఆ లెక్క చెబుతుంది.