పిచ్చకుంచపు తగవు

పుణ్యమునకు పుట్టెడు గింజలిచ్చిన, పిచ్చకుంచమని పోట్లాడినాడట యొకడు. ఈ సామెతను మనము పుచ్చుకొనువాని కృతఘ్నతకు దృష్టాంతముగా చెప్పుకొని నవ్వుచున్నాము. ఊరక వచ్చినదానికి కొలత యడుగరాదనుట దీని సారము. బిచ్చమునకు ఈ నీతి సరిపోవునేమో. కాని యిచ్చునది బిచ్చము కాక, బిడ్డకు న్యాయముగా రావలసిన పాలైనపుడు, కుంచము సరియైనదా కాదా యని యడుగుట కృతఘ్నత యగునా? ఈ ప్రశ్న మాకొక చిన్న సంగతివలన కలిగినది.

మా వీథిలో ఇడ్లీబండి పెట్టుకొని జీవించు నొక యిల్లాలు కలదు. ఆమె కుమారునికి రెండేండ్లు నిండినను నడక రాలేదు, మాటయు తక్కువ. అట్టి పసివారికి ఉచితముగా వ్యాయామములు చేయించి, మాటలు నేర్పు కేంద్రమొకటి పట్టణములో నున్నది. ఆమె నెలకు రెండుమారులు బిడ్డను అచ్చటికి తీసికొనిపోవును. ఒకనాడు తోడుగా మేమును పోతిమి. పని ముగిసిన పిమ్మట అచ్చటివారొక కాగితమిచ్చి, తమ సేవ యెట్లున్నదో గుర్తులు పెట్టుమనిరి. ఆమెకు చదువు రాదు గనుక కలము మా చేతికి వచ్చినది. “వాళ్లు మంచోళ్లు మాష్టారూ, అన్నీ బాగున్నాయనే రాసేయండి” అనెను. మేము ప్రశ్నలను చదివి వినిపింపకయే, పై గడి మొదలు క్రింది గడి వరకు ‘చాలా బాగున్నది’ అని గుర్తులు పెట్టితిమి.

తిరుగు బస్సులో ఆమె బిడ్డ కాళ్లు నిమురుచు, “పొద్దున అరగంట, సాయంత్రం అరగంట కాళ్లు సాగదీయమన్నారు. నాలుగింటికి లేచి పిండిపనిలో పడితే పదింటిదాకా బండి దగ్గరే. ఎప్పుడు చేసేదండీ?” అనెను. “ఆ మాట అక్కడ చెప్పలేదేమమ్మా?” యని మేమడుగగా, “వాళ్లు అడగలేదు గదండీ” అని యూరకుండెను.

అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. ఇచ్చట ఆ అమ్మనే యెవరును అడిగినవారు లేరు. నిపుణులు అడుగలేదు, కాగితము చేతనున్న మేమును అడుగలేదు. మేము పెట్టిన గుర్తులు ఆ కేంద్రపు లెక్కలలో చేరి, అచ్చట అంతయు సవ్యముగా నున్నదని చాటుచుండును.

ఎదుగుదలలో వెనుకబాటు కనబడిన బిడ్డకు తొలి కొన్ని యేండ్లలోనే చేయు సాయమును ఎర్లీ ఇంటర్వెన్షన్ అనుచున్నారు. పూర్వమిది నిపుణుని గదిలో బిడ్డకు జరుగు చికిత్సగానే యుండెడిది; తల్లి గుమ్మము వెలుపల బల్లపై కూర్చుండెడిది. కాని వారమునకు 168 గంటలు. అందు నిపుణునియొద్ద బిడ్డ గడపునది ఒకటి రెండు గంటలకు మించదు. తక్కిన కాలమంతయు తల్లి ఒడిలోను, తాత భుజముపైనను, అక్క చంకలోను గడచును. కావున కుటుంబమే కేంద్రముగా ఈ పని నడువవలెనను సూత్రము క్రమముగా బలపడినది. 1986లో అమెరికా సంయుక్త రాష్ట్రములలో వెలువడిన చట్టము, మూడేండ్లలోపు బిడ్డకు వ్రాయు సేవాప్రణాళికలో కుటుంబపు అవసరములకును చోటీయవలెనని విధించినది.

సూత్రమును గోడపై వ్రాయుట సులభము. అది ఆచరణలో నున్నదని తెలియుటెట్లు? నిపుణునే యడిగినచో తన పని తనకు మంచిదిగానే తోచును. ఈ చిక్కును తీర్పబూని, కెనడా దేశపు హామిల్టన్ నగరమున మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమందలి క్యాన్‌చైల్డ్ పరిశోధన కేంద్రమునకు సంబంధించిన సుజాన్ కింగ్, పీటర్ రోజెన్‌బామ్, జిలియన్ కింగ్ గారలు తల్లిదండ్రులకొరకు 56 ప్రశ్నల పట్టికను సిద్ధపరచిరి. అది 1996లో ప్రకటింపబడినది. 2004లో 20 ప్రశ్నలకు కుదింపబడినది. నిర్ణయములలో పాలు కల్పించుట, సామాన్యమైన సమాచార మిచ్చుట, తమ బిడ్డను గూర్చిన సంగతులు చెప్పుట, సేవలన్నిటిని పొందికగా నడపుట, గౌరవముతో ఆదరించుట అని అందైదు భాగములు. సమాధానములకు ఏడు మెట్లు. తమకు సంబంధింపని ప్రశ్నకు సున్న.

ఈ పట్టికలో మాకు నచ్చినది దాని యడుగు తీరు. ‘మీకు తృప్తి కలిగినదా?’ యని అది యడుగదు. ఫలాని పనిని వారు మీ విషయమున ఎంతమేరకు చేసిరని యడుగును. ఈ భేదము చిన్నది కాదు. తృప్తి పుచ్చుకొనువాని మనసులోనిది. ఆశ తక్కువయైనవానికి తృప్తి సులభముగా కలుగును. చేసిన పని యిచ్చువానిది. దానికి అతడే బాధ్యుడు. మా ఇడ్లీబండి యిల్లాలిని ‘తృప్తియేనా?’ యనిన తృప్తియే యనును. ‘నీ దినచర్య యేమని వారడిగిరా?’ యనిన లేదనును. రెండును నిజములే. కాని బిడ్డ కాళ్లకు పనికివచ్చు నిజము రెండవది.

అమెరికాలో కార్ల్ డన్‌స్ట్, కేరల్ ట్రివెట్ గారలు ఇంకొక విభాగము చేసిరి. మృదువుగా మాటలాడుట, ఓపికతో వినుట, నమ్మకము చూపుట ఒక తెగ; కుటుంబమునకు ఎన్నిక నిచ్చి, వారి నిర్ణయము ననుసరించి పనిచేయుట రెండవ తెగ. నిపుణులు మొదటిదానియందు గట్టివారుగాను, రెండవదానియందు వెనుకబడినవారుగాను కనబడుచున్నారని వారు చూపిరి. హామిల్టన్ పట్టికను వాడిన పెక్కు దేశములలోను, సామాన్య సమాచారమిచ్చు భాగమునకే తరచుగా తక్కువ గుర్తులు వచ్చుచున్నవి. నవ్వుతో పలుకరించుటకంటె తెలిసినది పంచుటయు, అధికారము పంచుటయు కష్టతరములని దీనివలన మాకు తోచుచున్నది.

ఇచ్చట నొక ఆక్షేపణ రావచ్చును. వైద్యము తెలియని తల్లి వైద్యుని తూచుటేమి? రోగి రుచి ననుసరించి మందు మార్చవలెనా? అట్లు కాదు. తల్లి తూచునది శాస్త్రమును కాదు. తనకు చెప్పిరా, తన్నడిగిరా, తాను చెప్పినది వినిరా యనునది తల్లికంటె బాగుగా నెరిగినవారెవరు? వంట శాస్త్రము రాకున్నను, విస్తరిలో ఏమి పడినదో తిన్నవాడే చెప్పవలెను.

రెండవ ఆక్షేపణ ఇంకను బరువైనది. లెక్క వచ్చినతోడనే, తక్కువ గుర్తులు వచ్చిన చిన్న యుద్యోగిపై పైవారు కత్తి కట్టుదురు. ఆ దినమున గదిలోని ఫిజియోథెరపీ అమ్మాయి యెదుట ఇరువదిమంది తల్లులు వేచియుండిరి. ప్రతి తల్లి దినచర్యను అడుగుటకు ఆమెకు తీరికెచ్చట? ఈ మాట సత్యము. అందువలననే పై పట్టికకు తోడుగా, పనిచేయువారు తమ నడవడిని తామే చూచుకొనుటకు 27 ప్రశ్నల పట్టిక వేరొకటి యేర్పడినది. తక్కువ గుర్తులు కనబడినచో అడుగవలసిన మొదటి మాట ‘తప్పెవరిది?’ యని కాక, ‘ఆమెకు తీరిక నిచ్చితిమా?’ యని యుండవలెను.

మన దేశమున 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము మొదలై, జిల్లా కేంద్రములలో ఎర్లీ ఇంటర్వెన్షన్ కేంద్రముల యేర్పాటునకు దారి తీసినది. 1984లో సికింద్రాబాదున స్థాపింపబడిన జాతీయ సంస్థ బుద్ధిమాంద్యము గల బిడ్డలకొరకు పనిచేయుచున్నది. 2016 నాటి వికలాంగుల చట్టము పేరులోనే ‘హక్కులు’ అను మాట యున్నది. ఎందరు బిడ్డలను పరీక్షించిరి, ఎందరిని ఎచ్చటికి పంపిరి యను లెక్కలు అవసరములే. అవి పుట్ల లెక్కలు. ఆ బిడ్డల తల్లుల నేమని యడిగిరనునది కుంచపు లెక్క. హక్కని చట్టము పలికిన పిమ్మట, పుట్టెడు చూపి కుంచమును దాచుట తగదు.

పక్షము దినముల తరువాత మరల ఆమెతో పోయితిమి. ఈసారి ఆమె చేతనే బస్సులోని మాట చెప్పించితిమి. ఆ అమ్మాయి నొచ్చుకొనలేదు. కొంతసేపాలోచించి, నీళ్లు పోయునపుడు కాలు సాగదీయు తీరును, చంకనెత్తుకొనునపుడు తొడలు ఎడముగా నుంచు తీరును చూపి, “వేరే వేళ అక్కర్లేదమ్మా, స్నానం ఎలాగూ చేయిస్తావుగా” అనెను. ఇది మొదటి దినమే తెలియదగినది; కావలసినది ఒక ప్రశ్న మాత్రమే.

బిడ్డ నడచునో లేదో ఇప్పుడే చెప్పుటకు వీలులేదు. కాని యీ సారి కాగితమిచ్చినపుడు మేము ఒక్కొక్క ప్రశ్నను చదివి వినిపించి, ఆమె చెప్పినదే వ్రాసితిమి. రెండు గడులలో ‘లేదు’ అని పడినది. వ్రాయునపుడు మా చేయి కొంచెము తడబడిన మాట దాచము. మంచివారిని నొప్పించుచున్నామేమో యను బెదురు పెద్దది. ఇరువదేండ్లుగా బడికి వచ్చిన తల్లిదండ్రులకు ‘ఇంట చదివించుడు’ అని చెప్పి పంపుచున్న మాకు, ఆ యింట దీపమున్నదా, చదివించు తీరికయున్నదా యని యడుగవలెనని అప్పుడు గాని తోచలేదు. కుంచము మా చేతను కూడ నున్నది.