విలీనమూ సమ్మతీ

ఎల్లలను మార్చడం పాలకులకు కొత్త పని కాదు. ఒక తాలూకాను ఒక జిల్లానుంచి తప్పించి మరొక జిల్లాలో చేర్చడం, రెండు జిల్లాలను కలిపి ఒకటి చేయడం, ఒక రాష్ట్రాన్ని రెండుగా విడదీయడం అన్ని దేశాలలోనూ జరుగుతున్నవే. శిస్తు కట్టే కచేరీ దగ్గరైనందుకు రైతు సంతోషించడమూ కద్దు. ఇట్టి మార్పులలో అధికభాగం కొన్నేళ్ళకే జనం మరచిపోతారు. అయినా కొన్ని విలీనాలు మాత్రం తరతరాలకు మానని గాయాలుగా మిగిలిపోతున్నవి. అవి రద్దయిన పిమ్మట సైతం వాటి తాలూకు బాధ రద్దు కావడం లేదు. ఈ భేదానికి కారణమేమి? గీత ఎక్కడ గీచారన్నది ముఖ్యమా, ఎవరిని అడిగి గీచారన్నది ముఖ్యమా, ఎందుకు గీచారన్నది ముఖ్యమా? ఈ ప్రశ్నను పరిశీలించదలచినవారికి పాకిస్తానులో 1955 నుంచి 1970 వరకు అమలులో ఉన్న ‘వన్ యూనిట్’ పథకం, అనగా ఏకరాష్ట్ర పథకం, తగిన ఉదాహరణ.

1947లో పాకిస్తాను రెండు ఖండాలుగా అవతరించింది. ఆ రెంటికీ నడుమ సుమారు 1,600 కిలోమీటర్ల భారతభూమి ఉన్నది. తూర్పు ఖండం ఒకే రాష్ట్రం. అక్కడి జనులలో అత్యధికుల భాష బెంగాలీ. పడమటి ఖండం అట్లా కాదు. అందులో పంజాబు, సింధు, వాయవ్య సరిహద్దు రాష్ట్రం అనే మూడు రాష్ట్రాలు, చీఫ్ కమిషనరు ఏలుబడిలోని బలూచిస్తాను, బహావల్‌పూరు, ఖైర్‌పూరు, కలాత్ మొదలైన సంస్థానాలు ఉండేవి. పంజాబీ, సింధీ, పుష్తో, బలూచీ భాషలతోపాటు, తెలుగుకు దూరపు జ్ఞాతి అయిన బ్రాహూయీ కూడా అక్కడి కొండలలో వినిపించేది. 1955 అక్టోబరు 14న ఇవన్నీ, రాజధాని కరాచీ, సరిహద్దులోని కొద్ది ప్రాంతాలు మినహాగా, పశ్చిమ పాకిస్తాను అనే ఒకే రాష్ట్రంలో లీనమైనవి. లాహోరు దానికి ముఖ్యపట్టణమైంది. పాత రాష్ట్రాలు కమిషనర్ల చేతికింద డివిజన్లుగా మారినవి. సింధు ప్రాంతాన్ని హైదరాబాదు, ఖైర్‌పూరు డివిజన్లన్నారు. బలూచిస్తాను ప్రాంతాన్ని క్వెట్టా, కలాత్ డివిజన్లన్నారు. ఈ హైదరాబాదు సింధు నదీతీరాన ఉన్నదని వేరే చెప్పనక్కరలేదు.

ఈ పథకాన్ని సమర్థించినవారి వాదాలను తేలికగా తోసివేయడం న్యాయం కాదు. కొత్తగా పుట్టిన పేద దేశానికి ఇన్ని మంత్రివర్గాలు, ఇన్ని సచివాలయాలు మోయరాని బరువన్నారు. సింధు నది, దాని ఉపనదులు పడమటి ఖండాన్నంతటినీ ఒకే నీటిపారుదల వ్యవస్థగా బంధించి ఉన్నవి కనుక, ఎగువన ఒక ప్రభుత్వం, దిగువన వేరొక ప్రభుత్వం ఉండడం తగాదాలకు మూలమన్నారు. రాష్ట్రాభిమానాలు నశించి దేశాభిమానం పెరుగుతుందన్నారు. సంఖ్యలో పెద్దదైన పంజాబు తొలి పదేళ్ళపాటు కొత్త శాసనసభలో నూటికి 40 స్థానాలతోనే తృప్తిపడడానికి అంగీకరించింది. చిన్నవారికి అభయమియ్యడానికి పెద్దవాడు కొంత త్యాగం చేసినట్లే అది పైకి కనిపించింది. వీటిలో ఏ ఒక్కటీ అర్థంలేని మాట కాదు. వీటినే జనం ముందుంచి వారి తీర్పు కోరి ఉంటే చరిత్ర వేరుగా నడిచేదేమో!

కాని పథకానికి అసలు కారణం వేరే చోట ఉన్నది. 1951 జనగణన ప్రకారం తూర్పు ఖండంలో సుమారు 4.2 కోట్లమంది, పడమటి ఖండంలో సుమారు 3.4 కోట్లమంది ఉన్నారు. మనిషికొక ఓటు అన్న సూత్రాన్ని పాటిస్తే కేంద్ర శాసనసభలో బెంగాలీలకు ఆధిక్యం తప్పదు. 1954 మార్చిలో తూర్పు బెంగాలులో జరిగిన ఎన్నికలలో, పాలకపక్షమైన ముస్లింలీగు చిత్తుగా ఓడిపోయింది. అదే ఏడు నవంబరు 22న ప్రధానమంత్రి ముహమ్మదలీ బోగ్రా ఏకరాష్ట్ర పథకాన్ని ప్రకటించారు. పడమటి ఖండమంతా ఒక్కటైతే దేశంలో ఉండేవి రెండే రాష్ట్రాలు. రెండే ఉన్నప్పుడు రెంటికీ సమాన స్థానాలు ఉండాలనడం వినడానికి న్యాయంగానే తోస్తుంది. 1956 రాజ్యాంగం కేంద్ర శాసనసభలో స్థానాలను చెరి సగంగా పంచింది.

నీతిశాస్త్ర దృష్టితో చూస్తే, పథకంలోని దోషం ఇక్కడ మొదలవుతున్నది. సింధీలకు, పఠానులకు, బలూచీలకు విలీనంవల్ల మేలు కలుగుతుందా లేదా అన్నది ఆ నిర్ణయానికి ప్రధానం కాలేదు. వారు తక్కెడలో తూనికరాళ్ళయినారు. అవతలి తట్టలో ఉన్న బెంగాలీల బరువును సరిచేయడానికి వారందరినీ ఒక తట్టలో పోశారు. మనుష్యుని ఏనాడూ కేవలం సాధనంగా వాడరాదని జర్మన్ తత్త్వవేత్త కాంట్ బోధించాడు. ఒక వ్యక్తి విషయంలో తప్పైనది ఒక జనసముదాయం విషయంలో ఒప్పు కాజాలదు. పైగా ఇందులో ఒక విపరీతం ఉన్నది. సమానత్వం పేరిట జరిగిన ఈ ఏర్పాటులో తూర్పు ఓటరు ఓటు పడమటి ఓటరు ఓటుకు సమానం కాకుండా పోయింది. రాష్ట్రాలు సమానమైనవి గాని మనుష్యులు సమానం కాలేదు.

ఇక సమ్మతి సంగతి. పథకాన్ని శాసనసభలు ఆమోదించినవి కదా అని సమర్థకులు అనేవారు. ఆమోదించిన మాట నిజమే. ఎట్లా ఆమోదించినవో చూడవలసి ఉన్నది. సింధు ముఖ్యమంత్రి అబ్దుస్ సత్తార్ పీర్జాదా విలీనానికి అంగీకరించలేదు. 1954 నవంబరులో ఆయన మంత్రివర్గాన్ని బర్తరఫు చేసి, అయూబ్ ఖుహ్రోను ముఖ్యమంత్రిని చేశారు. మరుసటి నెలలోనే సింధు శాసనసభ తన రాష్ట్రాన్ని తానే రద్దు చేసుకొనే తీర్మానాన్ని అత్యధిక సంఖ్యతో ఆమోదించింది. సరిహద్దు రాష్ట్ర ముఖ్యమంత్రి సర్దార్ అబ్దుర్ రషీదు 1955లో ఎదురు తిరిగినప్పుడు ఆయన పదవి కూడా పోయింది. అంతకుముందే, 1954 అక్టోబరులో, గవర్నరు జనరలు గులాం ముహమ్మదు రాజ్యాంగసభనే రద్దు గావించి ఉన్నారు. కొత్త రాజ్యాంగసభ 1955 సెప్టెంబరు 30న పశ్చిమ పాకిస్తాను శాసనాన్ని ఆమోదించింది.

లాంఛనాలన్నీ ఒకటొకటిగా పూర్తి అయినవి. కాని సమ్మతి అనే మాటకు అర్థం, నిరాకరించగల స్వేచ్ఛ ఉన్నప్పుడే. కాదన్నవానికి పదవీచ్యుతి, ఔనన్నవానికి పదవీప్రాప్తి అయిన చోట, చేతులెన్ని లేచినవో లెక్కించడం వ్యర్థం. పెళ్ళిపీటలమీద కూర్చున్న పిల్ల మౌనాన్ని పెద్దలు అంగీకారమనుకోవడం లోకంలో ఉన్నదే. ఆమెకు లేచిపోగల ధైర్యం, పోవడానికి చోటు ఉన్నవా అని ఎవరూ అడగరు. సింధు శాసనసభ ఔనన్న మాట అటువంటిదే.

ఈ ధర్మసంకటం ఒకే ఇంటి గడపలో ప్రత్యక్షమైంది. కొత్త రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి డాక్టర్ ఖాన్ సాహెబు. ఆయన తమ్ముడు ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్. భారతీయులకు ఆయన సరిహద్దు గాంధీ. అన్నదమ్ములిద్దరూ బ్రిటిషువారిని ఎదిరించి నిలిచినవారే; ఇద్దరూ జైళ్ళు చూచినవారే. పఠానులను పెద్ద రాష్ట్రంలో కలపడం వారి మేలుకేనని అన్న నమ్మి అధికారం స్వీకరించారు. పఠానులను అడగకుండా వారి రాష్ట్రపు పేరు తుడిచివేసే హక్కు ఎవరికీ లేదని తమ్ముడు ఊరూరా తిరిగి చెప్పారు. 1956లో తమ్ముడు నిర్బంధంలోకి పోయినప్పుడు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అన్నగారే. 1958 మే 9న లాహోరులో డాక్టర్ ఖాన్ సాహెబు హత్యకు గురి అయ్యారు. అన్నది ద్రోహమనడం సులభం. అది సత్యం కాకపోవచ్చు. మంచివాడు తన మంచి ఉద్దేశమే ఇతరుల సమ్మతికి బదులు చాలుననుకోవడం ద్రోహంకంటే సాధారణమైన పొరపాటు. అందుచేతనే అది ఎక్కువ ప్రమాదకరం.

కలిపినవారి మాటల్లో విలీనం ఒక సిద్ధాంతం. కలిసినవారికి అది నిత్యజీవితం. సింధు రైతు బిడ్డ ఉద్యోగానికి, అప్పీలుకు, అనుమతికి దూరాన ఉన్న లాహోరువైపు చూడవలసి వచ్చింది. 1955లో ప్రారంభమైన కోట్రి వద్ది ఆనకట్టవల్ల సాగులోకి వచ్చిన భూములలో ఎంతో భాగం సైనికోద్యోగులకు, సివిల్ అధికారులకు, బయటినుంచి వచ్చినవారికి దక్కింది. 1959 విద్యాసంఘం సిఫార్సుల దరిమిలా బడులలో సింధీకి ఉన్న స్థానానికి ఉర్దూవల్ల ముప్పు వచ్చింది. కవి షేక్ అయాజ్ రచనలు నిషేధానికి గురి అయినవి; ఆయన కారాగారం చూచారు. 1967 మార్చి 4న సింధులోని హైదరాబాదు వద్ద విద్యార్థులమీద లాఠీలు విరిగినవి. బలూచిస్తానులో వృద్ధనాయకుడు నవ్రోజ్ ఖాన్ 1958లో అనుచరులతో కొండలెక్కాడు. అభయమిచ్చి దింపిన పిమ్మట తమ నాయకుని నిర్బంధించారని బలూచీలు ఈనాటికీ చెప్పుకొంటారు. 1960లో ఆయన బంధువులలోను, అనుచరులలోను కొందరిని ఉరితీశారు. రాష్ట్రాభిమానాలను అణచడానికి పుట్టిన పథకం, అంతకుముందు అంత తీవ్రంగా లేని అభిమానాలను కూడా రగిల్చింది.

తప్పు దిద్దుకొనే అవకాశం ఒకటి మధ్యలో వచ్చింది. 1957 సెప్టెంబరులో పశ్చిమ పాకిస్తాను శాసనసభే ఏకరాష్ట్రాన్ని తిరిగి విడదీయాలని అత్యధిక సంఖ్యతో తీర్మానించింది. విలీనానికి శాసనసభల ఆమోదమే ప్రమాణమన్నవారు ఈ తీర్మానాన్ని కూడా ప్రమాణంగా స్వీకరించవలసింది. స్వీకరించలేదు. మరుసటి ఏడు అక్టోబరు 7న సైనికశాసనం వచ్చి, ఆ సభకే కాలం తీరింది. కలపడానికి ఇచ్చిన ఓటు చెల్లుతుంది, విడదీయడానికి ఇచ్చిన ఓటు చెల్లదు అన్నప్పుడు, మొదటి ఓటుకున్న విలువ కూడా బయటపడుతుంది.

చివరకు 1969 నవంబరు 28న జనరల్ యాహ్యాఖాన్ ఏకరాష్ట్రం రద్దవుతుందని ప్రకటించారు. 1970 జూలై 1న పంజాబు, సింధు, సరిహద్దు రాష్ట్రం మరల వెలసినవి. కరాచీ సింధులో చేరింది. బలూచిస్తాను చరిత్రలో తొలిసారిగా పూర్తి రాష్ట్రమైంది. న్యాయం జరిగిందని చాలమంది సంతోషించారు, సంతోషించదగినదే. కాని రద్దు చేసింది కూడా ఒక సైనికాధికారి ఉత్తరువే. బహావల్‌పూరు సంస్థానపు ప్రజలలో ఎందరో తమ పాత ఉనికిని తిరిగి కోరారు. 1970 ఏప్రిల్‌లో అక్కడ కాల్పులు కూడా జరిగినవి. అయినా దానిని పంజాబులో కలిపివేశారు. నలభై ఏళ్ళు గడిచిన పిమ్మట, 2012 మే నెలలో, పంజాబు శాసనసభ బహావల్‌పూరు రాష్ట్రాన్ని పునరుద్ధరించాలని తీర్మానించడం ఆ కోరిక చావలేదనడానికి సాక్ష్యం.

తూర్పు ఖండానికి ఈ రద్దు మరీ ఆలస్యంగా వచ్చింది. సమాన స్థానాల సూత్రం పోయి జనసంఖ్యను బట్టి 1970 డిసెంబరులో ఎన్నికలు జరిగినవి. బెంగాలీలకు ఆధిక్యం దక్కింది. పదిహేనేళ్ళుగా దేనిని తప్పించడానికి రాష్ట్రాలను కరిగించి పోశారో, అదే జరిగింది. ఆ ఆధిక్యాన్ని అంగీకరించే మనసు అప్పటికీ పాలకులకు రాలేదు. 1971 డిసెంబరులో దేశమే రెండైంది.

ఇది పొరుగువారి కథ అని భారతీయులు నిశ్చింతగా ఉండడానికి వీలులేదు. పశ్చిమ పాకిస్తాను శాసనం ఆమోదం పొందిన 1955 సెప్టెంబరు 30ననే ఇక్కడ ఫజలలీ అధ్యక్షతన గల రాష్ట్రాల పునర్విభజన సంఘం తన నివేదికను సమర్పించింది. తెలంగాణను అప్పటికి ప్రత్యేకంగా ఉంచి, తరువాతి ఎన్నికల పిమ్మట అక్కడి శాసనసభలో మూడింట రెండువంతులమంది కోరితే ఆంధ్రతో కలపవచ్చునని ఆ సంఘం సూచించింది. అనగా ముందు అడగమన్నది. ఆ నిరీక్షణ జరగలేదు. 1956 ఫిబ్రవరిలో నాయకులు చేసుకొన్న పెద్దమనుషుల ఒప్పందం ఆధారంగా నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 2014 జూన్ 2న తెలంగాణ వేరైంది. విడదీసే బిల్లును అదే ఏడు జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తిరస్కరించింది. రాజ్యాంగం మూడవ అధికరణం రాష్ట్రపు అభిప్రాయం అడగమన్నదే గాని దానికి కట్టుబడమనలేదు. ఈ రెండు చరిత్రలనూ ఒకే గాట కట్టడం తగదు. ఇక్కడ ఒకే భాష మాటలాడేవారి కలయిక, ఎన్నికలు, పత్రికలు, బహిరంగ వాదోపవాదాలు ఉన్నవి, తక్కెడ లేదు. అయినా కలిసినప్పుడు ఒకరికి, విడిపోయినప్పుడు మరొకరికి, తమను సరిగా అడగలేదన్న బాధ మిగిలింది.

రాష్ట్రాలు శాశ్వతం కావు, కానక్కరలేదు. కలిపే అధికారం ఎవరో ఒకరికి ఉండక తప్పదు. ఒక ప్రాంతపు మూర్ఖపు పట్టుదల మొత్తం దేశపు మేలును అడ్డగించరాదనడమూ సబబే. కాని ఆ అధికారం ధర్మబద్ధం కావాలంటే దానికి మూడు పరీక్షలు ఉన్నవి. కలిసేవారి మేలుకోసం కలుపుతున్నారా, మరెవరినో అణచడానికి కలుపుతున్నారా? కాదన్నవాడు కాదన్న పిమ్మట కూడా తన పదవిలో, తన ఇంటిలో నిర్భయంగా ఉండగలడా? రేపు మనసు మారితే శాంతియుతంగా వెనుదిరిగే దారి తెరచి ఉన్నదా? వన్ యూనిట్ పథకం ఈ మూడింటిలోనూ ఓడిపోయింది. దానిని రద్దుచేసిన ఉత్తరువు మొదటిదానిలో చాలవరకు నెగ్గింది. అడిగే విషయంలో అది కూడా మొదటి ఉత్తరువు దారినే నడిచింది. అందుచేతనే సింధుకు పేరు తిరిగి వచ్చినా, పోయిన నమ్మకం పూర్తిగా తిరిగి రాలేదు.