ఎవరి ఓర్పు?

మా మాదిగపల్లెలో గుడిగంట తెల్లారుజామున నాలుగింటికి కొట్టేవాళ్ళు. ఆ గంటకి లేచి, మోకరించి, ఆ తర్వాతే కూలికి పోయేది మా అమ్మ. ఆమెకు అక్షరం రాదు. వాక్యాలన్నీ చెవులతో నేర్చుకుంది. "ఓర్చుకున్నోళ్ళకి దేవుడుంటాడ్రా" అనేది. చిన్నప్పుడు ఆ మాట నాకు ధైర్యంగా వుండేది. పెద్దవుతున్న కొద్దీ అదే మాటకి ఒళ్ళు మండేది.

1986లో నేను పదో తరగతి. మిరపకాయ కోతలైపోయాయి. అమ్మతో కలిపి ఆరుగురు ఆడాళ్ళకి పంతొమ్మిది రోజుల కూలి ఆసామి ఆపేశాడు. యార్డులో రేటు పడిపోయిందన్నాడు. రేటు పెరిగిన ఏడు కూలి పెంచాడా అని అడిగినవాళ్ళు లేరు. ఆ ఆదివారం అయ్యగారు యాకోబు పత్రిక ఐదో అధ్యాయం తీసి, వానకోసం కనిపెట్టే రైతులాగా ఓపిక పట్టమని ప్రసంగం చేశారు. గుడికి సున్నం వేయించింది ఆ ఆసామేనని పల్లెలో అందరికీ తెలుసు.

రాత్రి దీపం ముందు అదే అధ్యాయం తీశాను. అయ్యగారు చదివింది ఏడో వచనం నుంచి. దానికి పైన నాలుగో వచనం వుంది. చేలు కోసినవాళ్ళకి ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొరపెడుతోందనీ, ఆ కోతగాళ్ళ కేకలు దేవుడి చెవిన పడ్డాయనీ ధనవంతుల్ని నిలదీసే వచనం. ఓపిక పట్టమన్న మాట దాని తర్వాతే వస్తుంది. ముందు ఎగ్గొట్టినవాణ్ణి నిలదీసి, ఆ పైన పోగొట్టుకున్నవాళ్ళకి ధైర్యం చెప్పటం అది. మా గుళ్ళో ఆ మొదటి సగం నేనెన్నడూ వినలేదు. అమ్మకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. ఏమీ అనలేదు.

మర్నాడు ప్రార్థన కాగానే తిన్నగా ఆసామి గేటుకాడికి పోయి నిలబడింది.

"ఎందుకొచ్చావే?"

"కూలి డబ్బులకయ్యా."

"పో, తర్వాత చూద్దాం."

పొద్దెక్కేదాకా నిలబడి చేలోకి పోయింది. తర్వాతి రోజూ అంతే. మూడోనాటికి తక్కిన అయిదుగురూ కలిశారు. బూతులు తిట్టాడు. కుక్కని వదుల్తానన్నాడు. పదకొండోనాడు డబ్బులు గేటు బయటికి విసిరాడు. ఏరుకుని లెక్క చూస్తే రెండ్రోజులది తక్కువ. "ఆ రెండ్రోజులదానికి రేపొస్తామయ్యా" అంది అమ్మ.

లూకా సువార్త 18వ అధ్యాయంలో ఒక విధవరాలుంది. దేవుడికి భయపడని, మనిషిని లెక్కచెయ్యని న్యాయాధిపతి దగ్గరికి న్యాయం కోసం మాటిమాటికీ పోతుంది. ఆమె పోరు పడలేకే వాడు తీర్పు చేస్తాడు. ప్రార్థన ఎట్లా చెయ్యాలో చెప్పటానికి యేసు ఎంచుకున్నది ఈమె కథ. నోరు మూసుకుని ఇంట్లో కూచున్న ఆడమనిషి కథ కాదు.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. నేనప్పుడు హాస్టల్లో వుండి అంబేద్కర్ని చదువుతున్నాను. గుడి మానేశాను. సెలవులకి ఇంటికొచ్చి అమ్మతో తగువేసుకున్నా: "ఆ కూలి దేవుడిప్పించాడా, నువ్వు పోయి నిలబడితే వచ్చిందా?"

అమ్మ పొయ్యి ఊదటం ఆపి అంది: "పొద్దున్నే మోకాళ్ళేసి ఏడవకపోతే, ఆ గేటుకాడ నా కాళ్ళు నిలిచేయ్యా?"

నా దగ్గర జవాబు లేకపోయింది.

చుండూరు బాధితులు ప్రత్యేక కోర్టు తీర్పు కోసం 2007 దాకా ఆగారు. ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగుర్ని చంపితే సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది. ఇన్నేళ్ళూ ఓపిక పట్టమని ఎవర్నడిగారు? చంపినవాళ్ళనా? గుళ్ళోనైనా కోర్టులోనైనా ఆ మాట వినాల్సింది మనమే. కాని కారంచేడు మాదిగలు చీరాల చేరి, మళ్ళీ ఆ వూళ్ళో తలొంచుకుని బతకటానికి పోలేదు. అదీ ఓర్పే. అమ్మ గేటుకాడ నిలబడ్డ రకం ఓర్పు.

నేను ఇవాళ్టికీ మోకరించను. అయినా ప్రార్థన వట్టి మత్తుమందని సభల్లో ఎవరన్నా అంటే చప్పట్లు కొట్టలేను. ఓపిక గురించి చెప్పే అయ్యగార్లని మాత్రం ఒకటి అడుగుతాను: నాలుగో వచనం చదివి, అప్పుడు ఏడో వచనానికి రండి.

ఆ రెండ్రోజుల కూలి ఆసామి ఇవ్వనేలేదు. కనబడిన ప్రతిసారీ అడగటం అమ్మా మానలేదు.