పంట, ప్రాణం, రైఫిల్: చేవెళ్ల చేలలో ఒక ధర్మప్రశ్న

పంట పాడుచేసే జంతువును చంపవచ్చా అన్నది చాలా పాత ప్రశ్న. చంపక తప్పదని తేలితే, ఆ ఆయుధం ఎలాంటిదై ఉండాలి, దాన్ని ఎంత శ్రద్ధగా సిద్ధం చేయాలి అన్నది దాని వెంటే వచ్చే ప్రశ్న. మొదటిదానిపై జరిగినంత విచారణ రెండోదానిపై జరగలేదు. రంగారెడ్డి జిల్లా చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో ఈ రెండింటినీ విడదీసి చూడడం కుదరదు. హైదరాబాద్–బీజాపూర్ రహదారికి అటూ ఇటూ మక్కచేలు, కూరగాయల మడులు, పూలతోటలు ఉన్నాయి. పడమట అనంతగిరి అడవి ఉంది. తూర్పున చిలుకూరు దగ్గర మృగవని ఉంది, దాన్ని 1994లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. మక్క కంకి పాలుపట్టే వేళకు అడవిపందుల గుంపు ఒక్క రాత్రి చేలో దిగితే, తినేదానికన్నా తొక్కి విరిచేదే ఎక్కువ. తెల్లారి చూస్తే సాళ్లు ముట్టెతో పెళ్లగించి ఉంటాయి. ఆ రైతు కడుపుమంట నిజమైనదే. అయితే అదే పంది రూపంలో విష్ణువు భూమిని ఎత్తాడని నమ్మే నేల ఇది. కాకతీయులు తమ రాజలాంఛనంగా పెట్టుకున్నదీ వరాహాన్నే.

వేట గురించి శాస్త్రాలది ఒకే మాట కాదు. మనుస్మృతి కామం వల్ల పుట్టే పది వ్యసనాల్లో వేటను మొదట చెప్పి, వాటిలో అతి చెడ్డవైన నాలుగింటిలోనూ చేర్చింది. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో జూదం కన్నా వేట నయమన్నాడు. ఒంటికి వ్యాయామం, కదిలే గురి మీద అభ్యాసం అన్నవి ఆయన చూపిన లాభాలు. అయితే ఇద్దరూ మాట్లాడింది రాజు వినోదం గురించే. రైతు అవసరం వాళ్ల లెక్కలో లేదు. దానికి దగ్గరగా వచ్చేది మహాభారతం అరణ్యపర్వంలోని ధర్మవ్యాధుడి మాట. మిథిలలో మాంసం అమ్మే అతను, నాగలి సాలులో ఎన్ని ప్రాణులు చస్తాయో చూడమని కౌశికుడనే బ్రాహ్మణుడికి చెబుతాడు. హింస సోకని బతుకుతెరువు లేదు కాబట్టి, ఎంత హింస, ఏ ఉద్దేశంతో అన్నదే విచారించాలి.

జైనం ఇంత తేలిగ్గా ఒప్పుకోదు. గృహస్థు చేసే హింసను అది నాలుగు విధాలుగా విడదీసింది: కావాలని చేసేది, ఇంటి పనుల్లో జరిగేది, వృత్తిలో జరిగేది, ఎదురుదాడిని ఆపడంలో జరిగేది. మొదటిదాన్ని గృహస్థు కూడా పూర్తిగా వదలాలి. మాటువేసి పందిని కాల్చడం ఎదురుదాడిని ఆపడం కిందికి వస్తుందా, కావాలని చేసిన హత్యే అవుతుందా? నిష్ఠగల జైనుడు రెండోదే అంటాడు, ఆ మాటలో బలం ఉంది. నిజాం వేటాడిన వనస్థలిపురం అడవికి 1975లో, మహావీరుడి 2500వ నిర్వాణ వార్షికం సందర్భంగా, ఆయన పేరే పెట్టి హరిణ వనస్థలిని చేశారు. వేటభూమి అభయారణ్యం కావడం ఈ ప్రాంతం చూసిన సంగతే. అందువల్ల కంచె, కాపలా, పంటమార్పు వంటివన్నీ ప్రయత్నించి విఫలమయ్యాకే రైఫిల్ మాట రావాలి.

చట్టం కూడా దాదాపు ఇదే వరసలో నడుస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. లైసెన్సుతో వినోదంగా వేటాడే వీలును 1991 సవరణ తీసేసింది. 11వ సెక్షన్ కింద మనుషుల ప్రాణాలకో, నిలబడి ఉన్న పంటకో ముప్పు తెచ్చే జంతువును చంపడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని కారణాలు రాసి అనుమతి ఇవ్వవచ్చు. 2022 సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూలులో ఉంది. ఇంట్లో తుపాకీ లైసెన్సు ఉంటే చాలు, పందిని కొట్టవచ్చు అనుకోవడం తప్పు. ఆయుధాల చట్టం కింద ఇచ్చే లైసెన్సు వేరు, జంతువును చంపే అనుమతి వేరు, రెండూ ఉండాలి. చంపడమే కాదు, ఉచ్చు బిగించడం, విషం పెట్టడం కూడా చట్టం దృష్టిలో వేటే. చేను చుట్టూ కరెంటు తీగలు లాగే అలవాటు అన్నిటికన్నా ఘోరం. రాత్రి నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతులే ఆ తీగలకు చనిపోయిన సందర్భాలు తెలంగాణలో ఉన్నాయి. ఉచ్చులో పడ్డ పంది గంటల తరబడి గింజుకుని చస్తుంది. తీగకు, ఉచ్చుకు ఎదురుగా ఉన్నది ఎవరో, ఎంత వయసుదో తెలియదు. తూటా వదిలేవాడికి తెలుస్తుంది, తెలిసి తీరాలి. ఆయుధంగా రైఫిల్‌కు ఉన్న నైతిక ఆధిక్యం ఇదొక్కటే. గురి కుదరని రైఫిల్ ఈ ఆధిక్యాన్ని కూడా పోగొడుతుంది.

ఎంపికలో మొదట చూడాల్సింది బోరు. ఎదిగిన మగ అడవిపంది వంద కిలోలు దాటవచ్చు. దాని జబ్బల మీద చర్మం కింద గట్టి కవచంలాంటి పొర ఉంటుంది. .22 రైఫిల్ దానికి చాలదు. తగిలిన పంది పొదల్లోకి పారిపోయి, పుండు కుళ్లి రోజుల తర్వాత చస్తుంది. నాటు తుపాకీ రవ్వలదీ అదే ఫలితం. మన దేశంలో లైసెన్సుదారులకు తెలిసిన, ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన .315 స్పోర్టింగ్ రైఫిల్‌కు ఈ పనికి తగిన బలం ఉంది. తూటా మొన మెత్తనిదై, లోపల విచ్చుకునే రకం కావాలి. పూర్తిగా లోహపు తొడుగున్న తూటా జంతువు గుండా దూసుకుపోయి, అవతల ఉన్నదానికి తగులుతుంది. బట్టు భుజానికి ఆనించగానే, మెడ వంచకుండా, కన్ను నేరుగా సైటు వెనక్కి రావాలి. ఖరీదు, చెక్కడపు పని, పేరు చూసి కొనడం మనువు చెప్పిన వ్యసనానికి మొదటి మెట్టు.

మొయినాబాద్ వైపు పరిస్థితి వేరు. ఫాంహౌస్‌లు, కాలేజీలు, ప్లాట్ల గోడలు, వాటి మధ్య మిగిలిన చేలు. రైఫిల్ తూటా కిలోమీటర్ల దూరం పోగలదు. అలాంటిచోట ఎంత మంచి రైఫిలైనా సరైన ఎంపిక కాదు. అక్కడ గట్టి కంచెతోనో, అటవీశాఖ పెట్టే బోనుతోనో సరిపెట్టుకోవాలి.

రైఫిల్ కొన్నాక చేయాల్సిన అసలు పని జీరోయింగ్. సైటు చూపే చోటు, తూటా పడే చోటు ఒకటి చేయడమే అది. అనుమతి ఉన్న ఫైరింగ్ రేంజిలో, బల్ల మీద ఇసుక సంచులపై రైఫిల్‌ను ఆనించి, ఒకే గురి మీద మూడు తూటాలు కాల్చాలి. మూడూ దగ్గర దగ్గరగా పడితే చేతికీ రైఫిల్‌కీ పొంతన కుదిరినట్టు. ఆ గుంపు గురికి ఎడమన పడితే వెనక సైటును కుడికి జరపాలి. తూటా ఎటు పోవాలో వెనక సైటు అటే కదలాలి, ముందు సైటైతే దానికి వ్యతిరేకంగా. టెలిస్కోపు బిగించిన రైఫిల్‌లో సాధారణంగా ఒక్కో క్లిక్కుకు వంద మీటర్ల దగ్గర సుమారు 7 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. మూడు తూటాలూ చెల్లాచెదురుగా పడితే మాత్రం సైటు ముట్టుకోకూడదు. బిగింపు మరలు వదులయ్యాయా, తేమకు చెక్క ఉబ్బి గొట్టాన్ని నొక్కుతోందా, ట్రిగ్గర్‌ను లాగేటప్పుడు వేలు బెదురుతోందా అని వెతకాలి. వానాకాలం ముందు కుదిర్చిన గురి పంట చేతికొచ్చే వేళకు అలాగే ఉంటుందన్న హామీ లేదు. మళ్లీ పరీక్షించాలి. ఆ రెండో పరీక్షను బద్ధకించినవాడు రాత్రి చేసే తప్పును పగలే చేసినట్టు. గాయపడిన జంతువు బాధకు కారణం అతని బద్ధకమే, చీకటి కాదు.

ఇక కాల్చే క్షణం. దశరథుడు సరయూ తీరాన చీకట్లో, నీళ్ల చప్పుడు విని ఏనుగనుకుని బాణం వేశాడు. కుండ ముంచుతున్న మునికుమారుడు చనిపోయాడు. ఆయన విద్యలో లోపం లేదు, బాణం గురి తప్పలేదు. చూడకుండా వేయడమే పాపమైంది. మక్కచేలో ఆకు గలగలమన్నంత మాత్రాన ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదన్న నియమానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. మంచె మీది నుంచి కాల్చడం ఇందుకే మేలు. పైనుంచి కిందికి వచ్చిన తూటా జంతువును దాటినా నేలలోనే దిగబడుతుంది. సమతలంలో కాలిస్తే వెనక మట్టిగట్టు ఉండాలి. పంది పక్కకు తిరిగి నిలబడినప్పుడు, ముందుకాలి వెనక, గుండె, ఊపిరితిత్తులు ఉండే చోట తూటా పడాలి. పాండురాజు లేడి రూపంలో ఉన్న కిందముణ్ని కొట్టినప్పుడు, ఆ ముని వేటను తప్పుపట్టలేదు, కొట్టిన సమయాన్ని తప్పుపట్టాడు. ఒంటిమీద చారలు పోని పిల్లలు వెంట ఉన్న ఆడపంది ఎదురైతే ఆ తప్పును తలచుకుని రైఫిల్ దించాలి. తగిలి పారిపోయిన జంతువును తగిన జాగ్రత్తతో వెతికి బాధ ముగించడం కాల్చినవాడి బాధ్యతే. తెల్లారాక చూద్దాంలే అని పడుకోవడానికి అతనికి హక్కు లేదు.

సంరక్షణ దగ్గర ఆయుధపూజ ప్రస్తావన తప్పదు. దసరాకు రైఫిల్‌కు పసుపు కుంకుమలు పెట్టి, పూలదండ వేయడం పద్ధతి. పూజ తర్వాత ఆ తడిని అలాగే వదిలేస్తే ఉక్కు తుప్పు పడుతుంది. పాండవులు ఆయుధాలను జమ్మిచెట్టుపై దాచిన కథలో భక్తితో పాటు జాగ్రత్త కూడా ఉంది. ఆయుధాన్ని ఎవరికీ అందనిచోట, భద్రంగా ఉంచారు. శుభ్రం చేసేముందు తూటాలు తీసేసి, గది ఖాళీగా ఉందని కంటితో, వేలితో చూడాలి. బోల్టు తీసి, బ్రష్షును వెనకవైపు నుంచి మూతివైపు నడపాలి. మూతి అంచు అరిగితే తూటా దారి తప్పుతుంది. గుడ్డముక్క తెల్లగా వచ్చేదాకా తుడిచి, పల్చగా నూనె రాయాలి. కాల్చడానికి వెళ్లేముందు గొట్టంలోని నూనె తుడిచేయాలి, లేకపోతే మొదటి తూటా పక్కకు పోవచ్చు. తోలు సంచి తేమ పట్టి ఉంచుతుంది కాబట్టి అందులో నిల్వ పెట్టకూడదు. రైఫిల్ ఒకచోట, తూటాలు వేరొకచోట, రెండూ తాళంలో ఉండాలి.

చివరిగా చచ్చిన పంది సంగతి. అనుమతితో చంపినా, చట్టం 39వ సెక్షన్ ప్రకారం ఆ కళేబరం ప్రభుత్వ ఆస్తి. కాల్చినవాడికి మాంసం లేదు, కోరలు లేవు, గోడకు తగిలించుకునే తల లేదు. పంట దక్కితే అది రైతుది. అటవీ సిబ్బందికి కబురు చేసి కళేబరం అప్పగించడంతో కాల్చినవాడి పని పూర్తవుతుంది.