కొండలోని లోహము, తల్లిలోని రక్తము

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమందలి భిలాయి ఉక్కు నగరమున తొలి ఊదుకొలిమిని 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించిరి. ఆ కొలిమికి ఆహారము దల్లీ-రాజహరా గనులనుండి తెచ్చిన ఎఱ్ఱని రాయి. దాని పేరు హేమటైట్. గ్రీకు భాషలో 'హైమా' అనగా రక్తము. నూరినచో నెత్తురువలె ఎఱ్ఱనగు రాయి గనుక ప్రాచీన గ్రీకులు దానికా పేరిడిరి.

ఆ 'హైమా' శబ్దమే వైద్యులు వాడు 'ఎనీమియా' అను పదమునకును మూలము. మొదటనున్న 'అన్' లేమిని దెలుపును. సంస్కృతమందును ఇంతే గదా! అంతము లేనిది అనంతము, ఆది లేనిది అనాది. అట్లే రక్తలేమి ఎనీమియా. మన పూర్వులు పాలిపోయిన వర్ణమునుబట్టి దానిని పాండురోగమనిరి. చరకసంహిత అందులకు లోహచూర్ణము చేర్చిన ఔషధమును విధించినది.

రాతికిని రక్తమునకును గ్రీకులు గాంచినది రంగుపోలిక మాత్రమే. ఆ రెండింటి ఎఱుపునకును ఇనుమే ఆధారమని తరువాతి శాస్త్రము తెలిపినది. పెద్దవారి దేహమందలి ఇనుము మూడు నాలుగు గ్రాములకు మించదు. ఆ కొంచెపు లోహము వలననే రక్తము ప్రాణవాయువును అంగాంగమునకు మోయుచున్నది.

దేశమునకు రైలుపట్టాలనిచ్చు ఇనుము మనకున్నది. కాని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కానవచ్చినది. కొండలో ఎంత లోహమున్న నేమి? అన్నముగా మాఱి, జీర్ణమై, రక్తమున జేరినదే బలము. విన్న ధర్మమును ఇట్టిదే. నడతగా మాఱనిచో అది గనిలోని రాయి.

అన్నము బ్రహ్మమని పలుకు ఇంటిలో తల్లి అందఱికి వడ్డించి, అడుగంటినదానితో తృప్తినొందుచున్నది. దానిని త్యాగమని పొగడువారు ఆమె చెక్కిళ్ల పాలిపోవుటను చూడరు. ఒకరి ఆకలిపై నిలిచిన పొగడ్త ధర్మమగునా?

కావున ఆకుకూరయు పప్పును, వాటితో నిమ్మయో ఉసిరికయో ఆమె విస్తరిలోనికి ముందు రావలెను. పులుపు ఇనుమును దేహమునకు పట్టించును. అయినను రక్తహీనతలన్నియు ఇనుములేమివలన కలుగవు. ఛత్తీస్‌గఢ్‌లో పలువురను బాధించు సికిల్‌సెల్ వ్యాధి పుట్టుకతో వచ్చునది. అందుచేత రక్తపరీక్ష చేయించి, వైద్యుని మాట ననుసరించి మందు వాడవలెను.

దేవునికి నివేదించిన పిమ్మట తొలి ముద్ద తల్లికి పెట్టుడు. ఆ నైవేద్యమును దేవుడు రెండుమాఱులు స్వీకరించును.