వరద యెవరి ఋణం?

అప్పు తీసుకున్నవాడు తీర్చాలి. ఇది మన సంఘంలో అన్ని వర్గాలవారూ ఒప్పుకునే నీతి. అప్పు ఎగవేసినవాణ్ణి వూరు క్షమించదు. అప్పు తీర్చడానికి పొలం అమ్ముకున్నవాణ్ణి మాటమీద నిలబడ్డాడని మెచ్చుకుంటుంది. అయితే యీ నీతి అప్పు పుట్టిన తర్వాతనే ప్రారంభమవుతుంది. ఆ అప్పు యెందుకు పుట్టింది, న్యాయంగా ఆ భారం మోయవలసినవాడెవడు అన్న ప్రశ్న దాని పరిధిలోకి రాదు. ఒకనాటి కృష్ణాజిల్లా మెట్టలో, అనగా 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాగా పిలువబడుతున్న నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాల్లో, యీ ప్రశ్న యిప్పుడు ఇంటి గడపదాకా వచ్చి నిలబడింది.

మెట్ట అంటే నీటికి ముఖం వాచిన నేల అని మన అలవాటైన వూహ. కాని పాకాలలో పుట్టి ఖమ్మం మీదుగా దిగివచ్చే మున్నేరు 2023 జూలైలో ఐతవరం వద్ద హైదరాబాదు - విజయవాడ రహదారి మీదికి యెక్కి రాకపోకలు స్తంభింపజేసింది. ఏడాది తిరిగిన కొద్దిరోజులకే, 2024 ఆగస్టు ఆఖరున కురిసిన వానకు, మళ్ళీ అదేచోట యెక్కింది. అదే వరదలో జగ్గయ్యపేట దాటిన తర్వాత గరికపాడు వద్ద పాలేరు వంతెన దారిని కోసేసింది. దిగువన విజయవాడలో బుడమేరు పేటలకు పేటలనే ముంచింది.

వరద తీసిన తర్వాత ప్రభుత్వం సహాయం చేసింది. విజయవాడలో మునిగిన ఇళ్ళకు నేల అంతస్తులో వున్నవారికి 25 వేలు, పై అంతస్తులవారికి 10 వేలు ప్రకటించింది. దీన్ని చిన్నచూపు చూడనక్కరలేదు. తడిసిన బియ్యానికీ, పాడైన పరుపుకూ, పిల్లల పుస్తకాలకూ ఆ డబ్బు పనికివచ్చింది. కాని ఆ డబ్బు మనిషిని మళ్ళీ అదే గడప లోపల, అదే యెత్తున, వచ్చే వరదకు యెదురుగా కూర్చోబెట్టింది. గడప రెండడుగులు లేవాలన్నా, మట్టిగోడ స్థానంలో రాతిగోడ రావాలన్నా, సామాను దాచుకోవడానికి పైన ఒక గది పడాలన్నా దానికి వేరే డబ్బు కావాలి. ఆ డబ్బు యెక్కడనుండి వస్తుంది? "అప్పు తెచ్చుకో" అన్నది యీనాటి సమాధానం.

ఆ సమాధానం అన్ని విషయాల్లోనూ తప్పు కాదు. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం ఆమోదించిన సూర్యఘర్ పథకాన్నే తీసుకుందాం. కోటి ఇళ్ళమీద సౌరపలకలు పెట్టించడం దాని లక్ష్యం. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30 వేలు, మూడవదానికి 18 వేలు, మొత్తం 78 వేలదాకా రాయితీ యిస్తారు. మిగిలిన దానికి కుదువ లేకుండా తక్కువ వడ్డీకి బ్యాంకు అప్పు దొరుకుతుంది. మన రాష్ట్రంలో షెడ్యూల్డు కులాలవారికీ, తెగలవారికీ రెండు కిలోవాట్లదాకా ఉచితంగానే పెట్టిస్తామన్నారు. నందిగామలో డాబా యిల్లున్న ఒక ఉపాధ్యాయుడు యీ అప్పు తీసుకుంటే కరెంటు బిల్లులో మిగిలిన డబ్బే నెలనెలా వాయిదా కట్టుకుంటుంది. ఇబ్రహీంపట్నంలో తగలబడే బొగ్గులో ఆ మేరకు కొంత తగ్గుతుంది కూడా. ఇందులో యెవరికీ అన్యాయం లేదు.

ఇప్పుడు మున్నేటి ఒడ్డున, నల్లరేగడి నేలలో రేకుల ఇల్లున్న ఒక మిరపకోత కూలీ కుటుంబాన్ని వూహించుకుందాం. సౌరపథకానికి ఇల్లు సొంతమై వుండాలి, పలకలు మోయగల కప్పు వుండాలి, కరెంటు మీటరు వుండాలి. రేకుల కప్పు ఆ బరువును ఆపలేదు. అద్దె ఇల్లయితే కప్పే తనది కాదు. అన్నీ వున్నాయనుకున్నా, రెండు దీపాలూ ఒక పంకా వాడే ఇంట్లో ఆదా అయ్యే బిల్లు యెంత? తక్కువ ఖర్చుపెట్టేవాడికి తక్కువే మిగులుతుంది. మిగులు లేనివాడు వాయిదా కట్టలేడు.

పునాది సంగతి మరీ కష్టం. నల్లరేగడి వానకు వుబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. దానిమీద పునాది లేపాలంటే ఇతర నేలలకన్నా లోతుకు పోవాలి, ఖర్చు పెరుగుతుంది. అంత ఖర్చూ పెట్టి లేపిన గడప నెలకు ఒక్క రూపాయి తేదు. అది చేసే మేలల్లా నీళ్ళు లోపలికి రాకుండా ఆపడం, పసిపిల్లను కాపాడడం. యీ మేలును రాసుకోవడానికి బ్యాంకు ఖాతా పుస్తకంలో గడి లేదు. ఋణం యెప్పుడూ ఇంటిని ఒకటే ప్రశ్న అడుగుతుంది: నువ్వెంత సంపాదించగలవు? "నేను ప్రాణం నిలబెడతాను" అన్న జవాబు దానికి అర్థం కాదు.

బ్యాంకు కాదన్నంత మాత్రాన ఆ అప్పు పుట్టకుండా పోదు. అది వారం వడ్డీవాడి దగ్గర పుడుతుంది. 1951-52లో జరిగిన గ్రామీణ ఋణ సర్వేలో రైతు అప్పుల్లో దాదాపు 70 శాతం వడ్డీవ్యాపారులదనీ, ప్రభుత్వానిదీ సహకార సంఘాలదీ చెరొక 3 శాతమనీ తేలింది. అప్పటికన్నా బ్యాంకులు యెంతో విస్తరించాయి. అయినప్పటికీ 2010 అక్టోబరులో సూక్ష్మఋణ సంస్థల వసూళ్ళను అదుపుచెయ్యడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఆ అప్పులకు కుదువ పెట్టింది బంగారం కాదు, ఆడవాళ్ళ పరువు.

వరదనుండి రక్షణను అప్పుగా మార్చడం కొత్త ఆలోచనా కాదు. బ్రిటిషు ప్రభుత్వం 1883లో చేసిన భూమి అభివృద్ధి ఋణాల చట్టంలో, వరదనుండీ కోతనుండీ పొలాన్ని కాపాడుకునే పనులకు కూడా తకావీ అప్పు యివ్వవచ్చునని వుంది. బాకీని మాత్రం భూమిశిస్తు బకాయిలాగా వసూలు చేసుకోవచ్చును. 2008లో అమెరికాలోని కాలిఫోర్నియాలో బర్క్‌లీ నగరం సౌరపలకలకు అప్పిచ్చి ఇంటిపన్నుతో కలిపి రాబట్టుకునే పద్ధతి పెట్టినప్పుడు అదొక నూతన ఆవిష్కరణగా చెప్పుకున్నారు. ఆ పద్ధతి యితర నగరాలకు పాకింది. గుత్తేదార్లు తలుపు తట్టి వృద్ధులచేతా పేదలచేతా సంతకాలు పెట్టించుకున్నారు. కట్టలేనివారికి ఇల్లే పోయే ప్రమాదం వచ్చింది. లాస్ ఏంజిలిస్ కౌంటీ 2020లో ఇళ్ళకు యిచ్చే ఆ పథకాన్ని నిలిపివేసింది. శిస్తయినా ఇంటిపన్నయినా, నీడ నిలబెట్టుకోవడానికి తెచ్చిన అప్పుకు ఆ నీడే తాకట్టు అయింది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఉచితంగా యిస్తే మనిషి ఆత్మగౌరవం దెబ్బతింటుందనీ, యేటిఒడ్డున ఇల్లు కట్టుకోవడం అతని తప్పేననీ అంటారు. రెండవదానికి ముందు జవాబు చెప్పాలి. యేటిఒడ్డున వున్నవాడు అందం చూసి అక్కడికి పోలేదు. వూరి నడుమ స్థలం కొనలేక పోయాడు. ఇక ఆత్మగౌరవం మాట. రహదారి మునిగినప్పుడు, వంతెన బాగుచెయ్యడానికి గరికపాడువాళ్ళను అప్పు తెమ్మని యెవరూ అనలేదు. కీసర వద్ద టోలు వసూలు చేస్తారు నిజమే. అది దారిన పోయే బండ్లన్నీ కట్టేది, ఒడ్డున వున్నవాడొక్కడే కట్టేది కాదు. ఆ దారిమీద కారులో పోయేవాడి ఆత్మగౌరవానికి ప్రజాధనంతో కట్టిన వంతెనవల్ల యే లోటూ రాలేదు. కారుకింది వంతెన అందరి బాధ్యత, కూలీవాడి గడప అతని సొంత బాధ్యత అనడం వర్గదృష్టి తప్ప నీతి కాదు.

వరదకు కారణాల సంగతి చూసినా యిదే తేలుతుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం యెక్కువ తేమను పట్టుకోగలదు. ఫలానా వానలో ఫలానావాడి వాటా యింత అని చెప్పలేకపోయినా, కుండపోత వానలు పెరగడానికి మూలం అక్కడుంది. ప్రపంచంలో వెలువడే బొగ్గుపులుసు వాయువులో 7, 8 శాతం సిమెంటు తయారీదే. ఆ వాయువు కాల్చిన బొగ్గునుండే కాదు, కాలిన సున్నపురాయినుండి కూడా వస్తుంది. జగ్గయ్యపేట చుట్టూ వున్నది ఆ సున్నపురాయే. ఆ రాయి తవ్వి, కాల్చి, బస్తాలకెత్తి దేశమంతటికీ పంపగా డాబాలు లేచాయి. ఆ డాబాలమీద యిప్పుడు రాయితీతో సౌరపలకలు యెక్కుతున్నాయి. బస్తా మోసినవాడు మాత్రం రేకులకింద వున్నాడు. ఇతని పేర అప్పు రాయబోయేముందు, ఇతనికి బాకీపడినవాళ్ళ జాబితా రాయవలసి వుంటుంది.

చట్టంలో దీనికి కొంత చోటు లేకపోలేదు. 2015లో సవరించిన గనుల చట్టం ప్రకారం, ఆ యేడు జనవరికి ముందు కౌలు పొందిన గనులవారు ప్రభుత్వానికి కట్టే రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తాన్నీ, వేలంలో పొందినవారు 10 శాతాన్నీ జిల్లా ఖనిజనిధికి అదనంగా కట్టాలి. ఆ నిధి గనులవల్ల బాధపడే ప్రజలకోసం యేర్పడింది. మునిగే గడపలను లేపడం అందులో మొదటి ఖర్చుల్లో ఒకటి కావాలని గ్రామసభలో నిలబడి అడగడం దానం అడగడం కాదు, బాకీ వసూలు చేయడం.

కాబట్టి ఋణాన్ని మొత్తంగా నిందించవలసిన పని లేదు, దాని హద్దు గీయవలసి వుంది. ఇంటికి రాబడి తెచ్చేదానికి, ఆ రాబడినుండే తీరేటట్లు, అప్పు యివ్వవచ్చు. ప్రాణం కాపాడేదాన్ని వంతెనలాగా, కరకట్టలాగా సంఘమే కట్టాలి. సొంత ఇల్లు లేని అద్దెవాడికీ ఆ రక్షణ చెందాలి. యీ రెండింటినీ ఒకే దరఖాస్తులో కలిపి "ఇంటి అభివృద్ధి" అని పేరు పెట్టినప్పుడు, ఆ కాగితం మీద వేలిముద్ర వేసేవాడు ఇతరులు చేసిన అప్పుకు పూచీపడుతున్నాడని చెప్పగలగాలి. విద్యార్థులూ ఉపాధ్యాయులూ ఆ దరఖాస్తును అతనికి చదివి వినిపించగలిగినవారు. అందుచేత ఆ మాట చెప్పవలసిన బాధ్యత కూడా ముందుగా వారిమీదనే వుంది.