పోలిక ఎవరిది? తప్పు ఎవరిది?

రాజోలు వైపు ఒక విచారణలో నేనెరిగిన కుటుంబం ఉంది. ఆదివారం పూజలో గురువుగారు ప్రసంగం మొదలుపెట్టేసరికి ఆ ఇంటి ఎనిమిదేళ్ళ బాబు కళ్ళు టపటపా ఆర్పుతాడు, మెడ విదిలిస్తాడు, గొంతులో ఏదో శబ్దం చేస్తాడు. తండ్రి పక్కనుంచి తొడపాశం పెడతాడు. ఇంటికి వెళ్ళాక నాయనమ్మ కోడలి మీద పడుతుంది: "మా వంశంలో ఇలాంటివి లేవమ్మా, మీ పుట్టింటి నుంచే వచ్చింది." ఒకసారి చుట్టపుచూపుగా వచ్చిన ఆమె బావగారు ఆ మాట విని ఊరుకోలేకపోయారు. "అదేంటమ్మా, మా తమ్ముడు కొబ్బరికాయల లెక్క చూసేటప్పుడు భుజం ఎగరేసేవాడు కాదా? నీ కొడుకుని బళ్ళో ఏమని వెక్కిరించేవారో మరిచిపోయావా?" ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

వైద్యులు వీటిని టిక్స్ అంటారు. కదలికలూ శబ్దాలూ రెండూ ఏడాదికి మించి ఉంటే టూరెట్ జబ్బు అంటారు. 1885లో తొమ్మిదిమంది రోగుల గురించి రాసిన ఫ్రెంచి వైద్యుడు జార్జ్ గిల్ ద లా టూరెట్ పేరది. ఇది కుటుంబాల్లో దిగివస్తుందని ఆయనే అన్నాడు. 1985లో అచ్చయిన ఒక పరిశోధనలో, ఒకే పోలిక కవలల్లో ఇద్దరికీ టూరెట్ ఉన్న జంటలు 53 శాతం. వేర్వేరు పోలికల కవలల్లో 8 శాతమే. రక్తంలో ఉందనడానికి ఇంతకంటే ఏం కావాలి? అయితే ఆ 53 నూరు కాలేదన్నదీ గమనించాలి. దీన్ని తెచ్చేది ఏదో ఒక్క జన్యువు కాదు. ఎన్నో జన్యువులు తలా కొంచెం పాలు పంచుకుంటాయి. అందుకే తాతకు భుజం, తండ్రికి కళ్ళు, మనవడికి గొంతు. ఒకరికి చేతులు పదేపదే కడుక్కునే చాదస్తం, ఇంకొకరికి ఏమీ ఉండదు. మేనరికం చేసుకున్నందుకే అనేవారూ ఉన్నారు. మేనరికాలు దాదాపు లేని దేశాల్లోనూ ఈ టిక్స్ ఉన్నాయి.

మరి తప్పెవరిది? యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డిని చూసి శిష్యులు అడిగింది ఈ ప్రశ్నే. వాడిదీ కాదు, తల్లిదండ్రులదీ కాదన్నాడు క్రీస్తు ప్రభువు. నాయనమ్మకు ఆ జవాబు చాలు. తండ్రికి మాత్రం చాలదని నా అభిప్రాయం. ఇచ్చినందుకు ఆయన దోషి కాడు, నిజమే. కానీ తుమ్ము వచ్చే ముందు ముక్కులో పుట్టే గులలాంటిది ఆ కదలిక ముందు పుడుతుందని, కాసేపు ఆపుకోవచ్చు గాని ఆపలేమని, నలుగురూ చూస్తే ఇంకా ఎక్కువవుతుందని ఆ ఇంట్లో అందరికంటే ఆయనకే తెలుసు. తెలిసినవాడే గిల్లుతున్నాడు. బిడ్డలో తన చిన్నతనం కనబడితే చూడలేక గిల్లుతున్నాడేమో!

మొన్న ఆ ఇంటి ఆడపిల్లకు కొత్తపేట నుంచి సంబంధం వచ్చింది. పెళ్ళిచూపుల రోజు బాబును అమ్మమ్మగారింటికి పంపేద్దామనుకున్నారు. ఇది అబద్ధమా అని నన్నడిగారు. కళ్ళార్పడం గురించి పెళ్ళివారికి ముందే చెప్పితీరాలని నేననను. పది పన్నెండేళ్ళ వయసులో ఉద్ధృతంగా ఉండే ఈ టిక్స్ చాలామంది పిల్లల్లో పెద్దయ్యాక బాగా తగ్గుతాయి. కానీ పిల్లవాణ్ణి దాచడం వేరు. పెళ్ళివారిని మోసం చేయడమన్నది తర్వాత, ముందు వాడికి అన్యాయం చేసినట్లు అని చెప్పాను. నాయనమ్మకు కోపం వచ్చింది.

బాబు ఇంట్లోనే ఉన్నాడు. ఆ సాయంత్రం కాలవగట్టు మీద తండ్రి వాడితో, "నాకూ ఇలాగే ఉండేదిరా" అన్నాడట.

"ఎప్పుడు పోయింది నాన్నా?"

"పూర్తిగా పోలేదురా."